మూలన నిలబడ్డ కుర్రాడు

2025 ఫిబ్రవరి 10, సోమవారం. రాయ్‌పూర్‌లో ఇంకా చీకటిగానే ఉంది. ఫిలడెల్ఫియా దగ్గర ఉండే మా మేనల్లుడు ఫోన్‌లో ఒకటే కేక: "మావయ్యా, చూశావా! కొత్త కుర్రాడు, మొదటి ఏడాదే!"

అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, సూపర్ బౌల్ జరుగుతోంది. ఫిలడెల్ఫియా ఈగల్స్ ఆటగాడు కూపర్ డిజీన్, కాన్సస్ సిటీ దిగ్గజం పాట్రిక్ మహోమ్స్ విసిరిన బంతిని మధ్యలోనే అందుకుని 38 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అక్కడింకా ఫిబ్రవరి 9, ఆ రోజే అతనికి 22 ఏళ్లు నిండాయి. ఈగల్స్ 40-22తో గెలిచింది.

డిజీన్ ఆడేది కార్నర్‌బ్యాక్‌గా. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, రిసీవర్ పరుగెత్తుకెళ్లి అందుకుంటాడు. ఆ బంతి అందకుండా రిసీవర్ని అంటిపెట్టుకుని ఉండాల్సినవాడు కార్నర్‌బ్యాక్. ఎటు పరుగెత్తాలో, ఎక్కడ మలుపు తిరగాలో రిసీవర్‌కి ముందే తెలుసు. కార్నర్‌బ్యాక్‌కి తెలియదు. వెనక్కి అడుగులు వేస్తూ, ఎదుటివాడి నడుము ఎటు తిరుగుతుందో కనిపెట్టి, అదే క్షణంలో తానూ తిరగాలి. మొదటి 5 గజాల లోపల చేత్తో అడ్డుకోవచ్చు. అది దాటితే పట్టుకోకూడదు, నెట్టకూడదు. గాల్లో బంతి ఉండగా రిసీవర్ని అడ్డుకుంటే తప్పు జరిగిన చోటే బంతి పెడతారు. అంటే ఒక్క తొందరపాటుకు 40 గజాలు పోవచ్చు.

మనకిది కొత్తేమీ కాదు, కబడ్డీలోనూ కార్నర్ ఉన్నాడు. ప్రొ కబడ్డీలో 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న మ్యాట్ మీద ఏడుగురు కాపు కాస్తుంటే చివర్లలో నిలబడేది వీళ్లే. కూతకొచ్చినవాడు బోనస్ గీత కోసం కాలు చాపినప్పుడు ఆ చీలమండ దొరకబుచ్చుకోవాలి. రెప్పపాటు ముందు దూకితే వాడు తాకి వెళ్లిపోతాడు. రెప్పపాటు ఆలస్యమైతే కాలు వెనక్కి లాగేసుకుంటాడు. జట్టులోకి కొత్త కార్నర్ వచ్చాడని తెలిస్తే రైడర్ ముందు అతని వైపే వెళతాడు. క్వార్టర్‌బ్యాక్ చేసేదీ అదే. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, ఎంపికైన కుర్రాడు సెప్టెంబరులో మైదానంలోకి దిగేసరికి బంతులన్నీ అతని వైపే మళ్లుతాయి. తప్పులు చేసి నేర్చుకునే కాలమంతా లక్షల కళ్ల ముందే గడవాలి.

అభిమానులు ఈ సంగతి మరిచిపోతారు. 2022లో న్యూయార్క్ జెట్స్ నాలుగో ఎంపికగా తీసుకున్న సాస్ గార్డ్‌నర్, వచ్చిన ఏడాదే లీగ్‌లోని మేటి కార్నర్‌బ్యాక్‌లలో ఒకడిగా ఆల్-ప్రో మొదటి జట్టులో చోటు సంపాదించాడు. 1981లో రానీ లాట్ తర్వాత కొత్త కార్నర్‌బ్యాక్ ఎవరికీ ఆ గౌరవం దక్కలేదు. నలభై ఏళ్లకోసారి జరిగే దాన్ని ప్రతి ఏడాదీ ప్రతి కుర్రాడి నుంచీ ఆశిస్తే ఎలా? 2020లో గార్డ్‌నర్ కంటే ఒక స్థానం పైన, మూడో ఎంపికగా డెట్రాయిట్‌కి వెళ్లిన జెఫ్ ఒకూడా మొదటి ఏడాదంతా తడబడ్డాడు. రెండో ఏడాది మొదటి ఆటలోనే మడమ వెనక స్నాయువు తెగింది. 2023లో అతన్ని అట్లాంటాకు పంపేశారు. ఆ కుర్రాడిని తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

ఇంటర్‌సెప్షన్ల, అంటే ఎదుటివాళ్ల బంతిని మధ్యలో చేజిక్కించుకోవడాల, లెక్క మరో పొరపాటు. డిజీన్‌తో పాటే ఆ ఏడాది ఈగల్స్‌లోకి వచ్చిన మరో కార్నర్‌బ్యాక్ క్విన్యన్ మిచెల్, సాధారణ సీజన్‌లో ఒక్క బంతినీ చేజిక్కించుకోలేదు. మొదటిది ప్లేఆఫ్స్‌లో గ్రీన్‌బే మీద దొరికింది. అంతమాత్రాన అతను ఆడనట్టా? రిసీవర్‌కి ఊపిరాడనివ్వకపోతే క్వార్టర్‌బ్యాక్ అటు చూడడమే మానేస్తాడు. అది ఏ అంకెలోనూ గట్టిగా కనపడదు. డిజీన్ కూడా మొదటి కొన్ని వారాలు ఎక్కువగా బయటే కూర్చున్నాడు. ఆ ఓపిక పట్టింది కోచ్‌లు. కుర్రాడు ఒకే ఎత్తుకు రెండుసార్లు దొరికిపోయాడా, బంతి ఎదుటివాడి చేతికి చిక్కినప్పుడు ఎంత దూరంలో ఉన్నాడు? మొదటి ఏడాది నేను చూసేవి ఈ రెండే.

ఇక మా వైపు సంగతి. రాయ్‌పూర్‌లో మేము ఉండేది డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ పక్కన. వ్యాగన్ రిపేర్ షాపులో పనికోసం వచ్చి తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. 2022లో ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ మొదలయ్యాక వీధి కబడ్డీకి కాస్త ఊపొచ్చింది. మొన్న సాయంత్రం మైదానంలో పిల్లలు ఆడుతుంటే నిలబడ్డాను. కుడి మూలన పదిహేనేళ్ల కుర్రాడు. మోకాలికి మట్టి, దాని కింద గీరుకున్న చారలు. వరసగా మూడుసార్లు తొందరపడి దూకి అవుటయ్యాడు. గట్టు మీద కూర్చున్నవాళ్లు "వాణ్ణి మార్చండ్రా" అని అరిచారు.

నాలుగోసారి రైడర్ కాలు ముందుకు ఆడించాడు. కుర్రాడి భుజాలు కదిలాయి, పాదాలు కదల్లేదు. మళ్లీ ఆడించాడు. కుర్రాడు అరచేతులు తొడలకు ఆనించి ఆ చీలమండనే చూస్తున్నాడు. కూత సన్నబడింది. రైడర్ ఎవర్నీ తాకకుండా వట్టి చేతులతో వెనక్కి వెళ్లిపోయాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూలకు పక్కనే ఉండే కవర్ స్థానంలోని పెద్ద కుర్రాడు మాత్రం అతని వీపు మీద ఒకటి చరిచి, మళ్లీ మూల వైపు చెయ్యి చూపించాడు.