నాంపల్లి సరాయి: బాటసారికి నగరం ఇచ్చిన మాట

ఊరుకాని ఊరికి వచ్చిన బాటసారి ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలి? ఈ ప్రశ్న ప్రతి నగరానికీ ఎదురవుతుంది. హైదరాబాద్ దీనికి 1919లోనే ఒక కట్టడం రూపంలో సమాధానమిచ్చింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాంపల్లి రైల్వే స్టేషన్ ఎదుట ప్రయాణికుల బస కోసం కట్టించిన నాంపల్లి సరాయియే ఆ సమాధానం.

ఆ రోజుల్లో ఈ ప్రాంతం కొత్త రూపు దిద్దుకుంటోంది. 1907లో నాంపల్లి స్టేషన్ వెలిసింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తి వేలాదిమందిని బలిగొన్నది. ఆ విపత్తు తరువాత నగరాన్ని ప్రణాళికాబద్ధంగా తీర్చిదిద్దేందుకు 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. విశాలమైన రహదారులు, ఆరోగ్యకరమైన ఇళ్లు, ఉద్యానాలు, అంగళ్లు దాని లక్ష్యాలు. 1935లో పూర్తయిన మొజంజాహీ మార్కెట్ ఆ కృషికి చిహ్నం. మండలికి అధ్యక్షత వహించిన నిజాం రెండవ కుమారుడు మొజంజా పేరే దానికి పెట్టారు.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. స్టేషన్, ఉద్యానం, బజారు వెలిసిన చోటనే బాటసారికీ ఒక చోటు కేటాయించారు. రైలు దిగినవాడు మూట నెత్తిన పెట్టుకుని వీధులు పట్టుకు తిరగనక్కరలేకుండా ఎదుటనే బస ఏర్పరచారు. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారి కూడా ఉన్నాడన్న సంగతి పాఠకులకు తెలిసిందే. సొంత ఊరిలో ఎంత కలిగినవాడైనా దారిలో నిస్సహాయుడు కావచ్చునన్న గ్రహింపు అందులో ఉంది. ముస్లిం సమాజాలు తరతరాలుగా సరాయిలు, ముసాఫిర్‌ఖానాలు కట్టడానికీ, వాటికి ఆస్తులు వఖ్ఫ్ చేయడానికీ ప్రేరణ ఇదే.

కుటుంబంతో వచ్చినవారికి ఈ ప్రాంతంలో చూడవలసినవి చాలా ఉన్నాయి. స్టేషన్‌కు చేరువలోనే బాగె ఆమ్, అనగా పబ్లిక్ గార్డెన్స్. ఆ ఆవరణలో 1924 నాటి షాహీ మస్జిద్, జూబిలీ హాలు, పిల్లలను అబ్బురపరిచే ఈజిప్టు మమ్మీ గల రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల ఉన్నాయి. 1938లో ఈ ఉద్యానంలోనే మొదలైన నుమాయిష్ 1946లో నాంపల్లిలోని ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. ఏటా జనవరిలో జిల్లాల నుండి కుటుంబాలు దానికి తరలివస్తాయి.

బషీర్‌బాగ్ వైపు వెళితే మరొక జ్ఞాపకం ఎదురవుతుంది. పాయిగా వంశీయుడు, హైదరాబాద్ ప్రధానమంత్రిగా పనిచేసిన సర్ ఆస్మాన్ జా అక్కడ ఒక ప్రాసాదం నిర్మించారు. బషీరుద్దౌలా అన్న ఆయన బిరుదు నుండే ఆ ప్రాంతానికి పేరు వచ్చింది. ప్రాసాదం నేడు లేదు. పేరు మాత్రం మిగిలింది.

నాంపల్లి సరాయి కూడా అలా పేరుగానే మిగిలిపోతుందా? సంరక్షణ కరువై అది శిథిలావస్థకు చేరింది. దాని అవసరం మాత్రం తీరలేదు, సరికదా పెరిగింది. రెడ్‌హిల్స్‌లో 1953లో ప్రారంభమైన నీలోఫర్ ఆసుపత్రికి పసిబిడ్డలతో, పక్కనే ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి రోగులతో ఎందరో పేదలు వస్తారు. తన పరిచారిక ప్రసవ సమయంలో మరణించగా కలత చెందిన నీలోఫర్ రాకుమారి పూనికతోనే ఆ ఆసుపత్రి వెలిసింది. చికిత్స దొరికినా బస దొరకని తల్లికి ఆ రాత్రి కాలిబాటే గతి. ఇక నాంపల్లిలోని హజ్ హౌస్ హజ్ యాత్రికుల శిబిరంగా ప్రతి ఏటా సందడిగా ఉంటుంది. అల్లాహ్ అతిథులకు సేవ చేయడంలో మన యువకులు చూపే ఉత్సాహం ప్రశంసనీయం. ఆసుపత్రి వాకిట కూర్చున్న బాటసారి పట్ల కూడా అదే ఉత్సాహం చూపగలిగితే ఎంత బాగుండును!

నగరానికి వచ్చేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. స్టేషన్ వద్ద ఎదురుపడే దళారుల మాటలు నమ్మక, గదిని స్వయంగా చూసి, అద్దె ఎంతో, అందులో ఏమేమి కలిసి ఉన్నాయో ముందే నిర్ధారించుకోవాలి. కుటుంబ సభ్యులందరి గుర్తింపు పత్రాలు వెంట ఉంచుకోవాలి. రోగితో వచ్చేవారు సహాయకులకు వసతి ఉందేమో మొదట ఆసుపత్రిలోనే విచారించాలి.

నగరంలో నివసించే మనపై ఉన్న బాధ్యత అంతకన్నా పెద్దది. స్వగ్రామం నుండి చికిత్సకో, పరీక్షకో వచ్చిన బంధువుకు రెండు రాత్రులు ఇంట్లో ఒక మూల చాప పరచడం కష్టం కాదు. పొరుగువారు కలిసి ఒక గదిని అద్దెకు తీసుకుని రోగుల బంధువులకు అప్పగించడం అసాధ్యమూ కాదు. పాత సరాయిని కాపాడమని అధికారులను కోరడం మన హక్కు. అది జరిగేదాకా బాటసారికి ఈ నగరం ఒకనాడు ఇచ్చిన మాటను నిలబెట్టవలసినది మన ఇళ్ల తలుపులే.