ఇంకొక్క యేడు

డిసెంబరు 31 రాత్రి మా చర్చిలో ఆరాధన అర్ధరాత్రి దాటేవరకూ సాగుతుంది. క్రిస్మస్‌కు కట్టిన కాగితపు నక్షత్రం అప్పటికింకా వేలాడుతూనే వుంటుంది. కిందటిసారి ఆ రాత్రి పాస్టరుగారు లూకా సువార్త 13వ అధ్యాయంలోని అంజూరపు చెట్టు ఉపమానం చదివారు.

మూడేళ్లుగా కాయని ఆ చెట్టును నరికెయ్యమంటాడు యజమాని. తోటమాలి మాత్రం ఇంకొక్క యేడు గడువు అడుగుతాడు. ఊరికే అడగడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. గడువు చెట్టుది, చాకిరీ తోటమాలిది!

నాకు గుండె ఝల్లుమన్నది. మూడుసార్లు పరీక్ష తప్పిన ఒక కుర్రవాడితో ఆ వారమే, “నీకు చదువు అబ్బదు, మానెయ్యి” అన్నాను. తెలుగు చెప్పే పంతులునే; గొడ్డలి పట్టినట్టు తెలుసుకోలేకపోయాను.

జనవరిలో అతణ్ణి ఇంటికి పిలిచి, సాయంత్రాలు సంధుల దగ్గరనుంచి మళ్లీ మొదలుపెట్టాను. వేసవిలో పరీక్ష మళ్లీ తప్పాడు, ఆరు మార్కులు తక్కువై. అయినా వస్తూనే వున్నాడు.

చెట్టు చివరకు కాసిందో లేదో యేసు చెప్పలేదు. పశువుల తొట్టిలో పుట్టినవాడు మనకోసం అడిగి తెచ్చిన గడువే కొత్త సంవత్సరమైతే, అందులో కాస్త పక్కవాడికీ ఇవ్వవద్దూ?