సింహాద్రి అప్పన్న: మన పేర్లలో నిలిచిన క్షేత్రం

టూంగాబీలో స్థిరపడిన మన ఫిజీ తెలుగు కుటుంబాల వారు ఇంట్లోని పాత కాగితాలు తిరగవేసినప్పుడు అప్పన్న, అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాద్రి వంటి పేర్లు కనబడితే వాటిని వింత పేర్లని తోసివేయరాదు. ఆంగ్ల అక్షరాలలో పడి వాటి రూపం చెదిరిపోయింది. మన పిల్లలకు వాటి అర్థం తెలియకుండా పోతున్నది. ఆ పేర్లన్నీ ఒక కొండను చూపుతాయి. అదే సింహాచలం.

విశాఖపట్నానికి ఉత్తరంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కొండమీద శ్రీ వరాహలక్ష్మీనరసింహస్వామి వెలసి ఉన్నాడు. ఉత్తరాంధ్ర ప్రజలు ఆయనను ప్రేమతో అప్పన్న అంటారు. అప్ప అంటే తండ్రి. భూమిని నీటినుండి పైకెత్తిన వరాహమూర్తి, పసివాడైన ప్రహ్లాదుని కాపాడిన నరసింహమూర్తి, ఈ ఇద్దరూ ఇక్కడ ఒకే విగ్రహంలో కొలువై ఉండడమే ఈ క్షేత్రం విశిష్టత.

స్థలపురాణం ఇలా చెబుతుంది. హిరణ్యకశిపుడు కుమారుని సముద్రంలో త్రోయించి, పైన కొండను వేయించాడు. స్వామి వచ్చి బాలుని రక్షించాడు. ప్రహ్లాదుడు అక్కడే స్వామిని ప్రతిష్ఠించి కొలిచాడు. కాలాంతరంలో పూజలు ఆగిపోయి, విగ్రహంమీద పుట్ట పెరిగింది. తరువాత పురూరవ చక్రవర్తి ఆ పుట్టమన్ను తొలగించి స్వామిని వెలికితీశాడు. మన్నుకు బదులుగా చందనం పూయమనీ, ఏడాదికి ఒక్కరోజే నిజరూపం చూడమనీ ఆయనకు ఆదేశం కలిగింది.

ఆ రోజు వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయతృతీయ. మిగిలిన దినాలలో స్వామి చందనపు పూతలో లింగాకారంగా కనబడతాడు. రాతి సానలమీద అరగదీసిన గంధాన్ని విడతకు మూడు మణుగులు, అంటే సుమారు 125 కిలోల చొప్పున ఏటా నాలుగు విడతలు సమర్పిస్తారు. మన ఆస్ట్రేలియాలో వైశాఖం చలి మొదలయ్యే కాలం. చలిలో చల్లని గంధం ఎందుకని పిల్లలు అడుగుతారు. అది ఎండకు విరుగుడు మాత్రమే కాదు, నరసింహుని ఉగ్రాన్ని శాంతింపజేసే సేవ అని వారికి చెప్పాలి.

ఆలయంలో సుమారు 500 శాసనాలు ఉన్నాయి. వాటిలో పాతది 11వ శతాబ్ది చివర, కులోత్తుంగ చోళుని కాలంలో వేసినది. 13వ శతాబ్దిలో తూర్పు గాంగ రాజులు ఆలయాన్ని పెంచి కట్టారు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు దర్శించి ఆభరణాలు సమర్పించాడు. అయితే అప్పన్న రాజుల దేవుడు మాత్రమే కాడు. సంతానం కోరేవారు కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటారు. ఆషాఢ పూర్ణిమకు ముందురోజు రైతులు, కూలీలు మొదలుకొని అన్ని వర్గాలవారూ సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేస్తారు.

మద్రాసు రేవునుండి ఫిజీకి 1903లో మొదలై 1916 వరకు సాగిన గిరిమిట్ ప్రయాణాలలో విశాఖ జిల్లావారు ఎందరో ఉన్నారు. చెరకు తోటలకు వెళ్ళినవారు కొండను వెంట తీసుకుపోలేకపోయినా, స్వామి పేరును తీసుకుపోయారు. మారిషస్ తెలుగువారు నేటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తున్నారు. సముద్రంలో పడ్డ బాలుని కాపాడిన దేవుడు సముద్రం దాటేవారికి ఎంత ధైర్యమై ఉంటాడో మనం ఊహించుకోవచ్చు. ఫిజీలో తాతల పేర్లే వారసుల ఇంటిపేర్లయ్యాయి. 1987 తరువాత మరో సముద్రం దాటి సిడ్నీ చేరినవారితో ఆ పేర్లూ వచ్చాయి.

కనుక అక్షయతృతీయనాడు ఇంట్లో లక్ష్మీనరసింహుని పటానికి కాస్త గంధమద్ది, దీపం పెట్టి, ఇంటిపేరును తెలుగు అక్షరాలలో పిల్లలచేత వ్రాయించండి. దాని అర్థం చెప్పండి. సింహాచలం వెళ్ళేవారు ఏ రోజున వెళ్ళినా చందనరూపమే కనబడిందని చిన్నబుచ్చుకోనక్కరలేదు. పుట్ట క్రింద ఉన్నా, పూత క్రింద ఉన్నా స్వామి అక్కడే ఉన్నాడన్నది ఆ క్షేత్రం నేర్పే పాఠం. మన పేర్లకూ అదే వర్తిస్తుంది.