ఆంగ్లమున “నైస్” శబ్దము

ఆంగ్లభాషయందు “నైస్” అను విశేషణము కంటె సులభమైన పదము లేదని విద్యార్థులు తలంతురు. భోజనము, వస్త్రము, స్నేహితుఁడు, మబ్బులేని దినము, మనసున కింపగున దెల్ల నీ పదముచేతనే చెప్పఁబడుచున్నది. దీనికిఁ దెలుఁగున “మంచి” యని యర్థము చెప్పుట సామాన్యము. కాని యీ యర్థ మొక్కటియే యెఱిఁగినవాఁడు గ్రంథపఠనమునఁ దొట్రుపడక మానఁడు.

ఈ శబ్దమునకు మూలము లాటినుభాషలోని “నెస్కియుస్”. అందలి “నె” సంస్కృతమునందలి నిషేధార్థకమగు నకారమునకు సజాతీయము, శేషభాగము జ్ఞానార్థకధాతుజన్యము. కావున నవయవార్థము “అజ్ఞుఁడు”. ప్రాచీనఫ్రెంచిభాష ద్వారమున 1300 ప్రాంతమున నాంగ్లమునఁ జేరినపుడు దీనికి “తెలివిమాలిన” యనియే యర్థము. పిమ్మట “బిడియము గల”, “సుకుమారమైన” అను నర్థములు కలిగెను. 16వ శతాబ్దిలో “సూక్ష్మమైన” యను నర్థ మేర్పడెను. “ఇంపైన” యను నర్థము 18వ శతాబ్దిలో వ్యాపించినది. జేన్ ఆస్టెన్ నవల “నార్తాంగర్ అబీ” (1817)లో హెన్రీ టిల్నీ యను పాత్రము, ఈ పద మన్నిఁటికిని జెల్లుచున్నదని పరిహసించును.

అజ్ఞతనుండి యింపునకు వచ్చిన యీ పరిణామము సంస్కృతజ్ఞులకు వింత గాదు. ముహధాతువునకు క్తప్రత్యయము పరమగునపుడు, హకారమునకు వికల్పముగ ఘకారమును విధించు పాణినిసూత్రము (8-2-33) వలన “ముగ్ధ”, “మూఢ” యని రెండు రూపములు సిద్ధించును. ధాతు వొక్కటి, ప్రత్యయ మొక్కటి. అయినను “మూఢ” శబ్దము నిందయందే నిలిచెను. “ముగ్ధ” శబ్దము సౌందర్యమును గూడ బోధించుచున్నది. వ్యుత్పత్తి పదము పుట్టుకను దెలుపును. అర్థమును నిర్ణయించునది ప్రయోగమే.

ఇప్పటి వాడుకలో మూఁడు ప్రయోగములు ప్రత్యేకముగ గమనింపఁదగినవి. “నైస్ డిస్టింక్షన్” అనఁగా “సూక్ష్మభేదము”. “మంచి భేద”మని తెనిఁగించినచో వాక్యార్థమే చెడును. పని పాడుచేసినవానితో “నైస్ వర్క్” అనుట విపరీతలక్షణ. “మంచి పనియే చేసితివి” యను తెలుఁగు నుడికారము దీనికి సరిపోవును. “నైస్ అండ్ వార్మ్” అనుచోట సముచ్చయము పేరునకు మాత్రమే. మొదటి పదము రెండవదానికి విశేషణమై “హాయిగొలుపునంత వెచ్చన” యని యర్థ మిచ్చును.

కావున బోధకులు ఈ పదమును విడిగా నుంచి యర్థము వల్లె వేయింపక, విశేష్యముతోఁ జేర్చి, వాక్యమునఁ జూపి చెప్పుట యుచితము. విశేష్యము మాఱిన విశేషణార్థము మాఱునని బాలుఁ డొక్క పదమున గ్రహించెనేని, తక్కిన పదములయందు నిఘంటువును మాత్రమే నమ్మి మోసపోవఁడు.