సోరియాసిస్ – చర్మంతో ఆగని వ్యాధి

నా వద్దకు వచ్చే సోరియాసిస్ రోగులు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: “ఈ పొలుసులు ఎప్పటికి పోతాయి?” కీళ్ళ నొప్పిని గురించి గాని, రక్తపోటును గురించి గాని వారు చెప్పరు. నేనే అడిగి తెలుసుకుంటాను.

ఇది అంటువ్యాధి కాదు. రోగనిరోధక శక్తి అదుపు తప్పడం వలన, సుమారు నెల రోజులు పట్టవలసిన చర్మకణాల ఎదుగుదల కొద్ది రోజులలోనే ముగిసి, పొలుసులు పేరుకుంటాయి. చరక సంహిత చెప్పిన 18 కుష్ఠాలలో చేప పొలుసును పోలిన ఏకకుష్ఠంతో వైద్యులు దీనిని పోలుస్తారు. ఆయుర్వేదంలో కుష్ఠమంటే చర్మవ్యాధులన్నింటికీ వర్తించే మాట, భయపడనక్కరలేదు.

రోగి అరచేయి, వ్రేళ్ళతో సహా, శరీర చర్మంలో సుమారు 1 శాతం. వ్యాధి 10 అరచేతులకు మించి వ్యాపిస్తే తీవ్రమైనదిగా పరిగణిస్తారు. అప్పుడు ఈ ప్రమాదాలను గమనించాలి.

కీళ్ళు: 100 మంది రోగులలో 30 మంది వరకు కీళ్ళవాతానికి లోనుకావచ్చు. ఉదయం అరగంటకు మించి కీళ్ళు బిగుసుకొనడం, వ్రేలు మొత్తంగా వాయడం, మడమ నొప్పి, గోళ్ళపై గుంటలు దీని సూచనలు. ఉపేక్షిస్తే కీళ్ళు శాశ్వతంగా వంకరపోతాయి.

గుండె: చర్మంలోని శోథ రక్తనాళాలను కూడా బాధిస్తుంది. గుండెపోటు, పక్షవాతం, మధుమేహం వచ్చే అవకాశం హెచ్చు. కనుక రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు క్రమంగా చేయించుకోవాలి.

మనస్సు: నలుగురిలోకి వెళ్ళలేని సంకోచం క్రమేణా తీవ్రమైన కుంగుబాటుగా మారవచ్చు. ఇంటివారి ఆదరణ ఇక్కడ ఔషధమంత అవసరం.

ప్రాణాపాయం: ఒళ్ళంతా ఎర్రబారి, పొట్టు రాలుతూ, చలి, జ్వరం వచ్చినా, చీముపొక్కులు ఒక్కసారిగా వ్యాపించినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. శరీరం నీటిని, వేడిని కోల్పోతుంది. రక్తంలోకి సూక్ష్మక్రిములు చేరవచ్చు. స్టిరాయిడ్ మాత్రలను హఠాత్తుగా మానడం దీనికొక ముఖ్య కారణం. వారంలో నయమని అమ్మే పేరులేని చూర్ణాలలోనూ స్టిరాయిడ్ కలిసి ఉండవచ్చు. అటువంటివి వాడవద్దు.

ఇంట చేయదగినవి: గోరువెచ్చని నీటి స్నానం, తడి ఆరకముందే కొబ్బరినూనె పూత. సున్నిపిండితో, పీచుతో రుద్దరాదు, పొలుసులు గిల్లరాదు. పొగాకు, మద్యం మానాలి, బరువు తగ్గించుకోవాలి.

ఇవి ఉపశమనమిస్తాయే గాని చికిత్సకు బదులు కావు. ఆయుర్వేద మందులు వాడదలచినవారు తమ చర్మవైద్యునికి ఆ సంగతి తెలిపి, ముందరి మందులను ఆయన సలహా మీదనే తగ్గించుకోవాలి.