బండిలో గాలి చిక్కితే?

ఖాళీ బిందెను బోర్లా పట్టుకుని చెరువులో ముంచి చూడండి. నీళ్లు నిండవు. ఎందుకని? లోపల గాలి ఉంది. బిందెను కాస్త పక్కకు వంచండి. బుడబుడమని గాలి బయటికి వచ్చేస్తుంది. అప్పుడు బిందె నిండుతుంది.

మోటారు సైకిలు రేడియేటరు సంగతి కూడా ఇంతే.

అన్ని బండ్లకూ రేడియేటరు ఉండదు. చాలా బండ్ల ఇంజను గాలి తగిలి చల్లబడుతుంది. కొన్ని బండ్లలో మాత్రం ఇంజను చుట్టూ కూలెంటు తిరుగుతుంది. కూలెంటు అంటే మందు కలిపిన రంగు నీరు. అది ఇంజను వేడిని మోసుకొచ్చి రేడియేటరులో వదులుతుంది. మధ్యలో గాలి చిక్కిందా, కూలెంటు సరిగా తిరగదు. ఇంజను కాగిపోతుంది. చెడిపోతే బాగుచేయడానికి చాలా ఖర్చవుతుంది.

మరి ఎలా నింపాలి?

1. ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తామా? ఇదీ అంతే. వేడి మీద తీస్తే మరిగే నీరు మొహం మీదికి చిమ్ముతుంది.

2. పాత కూలెంటు తీశాక కింది బోల్టు బిగించండి. బండిని చదునైన చోట నిలబెట్టండి.

3. కొత్త కూలెంటు సన్నటి ధారగా, నిదానంగా పోయండి. గబగబా పోస్తే గాలి లోపలే ఉండిపోతుంది.

4. రబ్బరు గొట్టాలను చేత్తో మెల్లగా నొక్కండి. బండిని ఇద్దరు పట్టుకుని అటూ ఇటూ కొంచెం వంచండి. బుడగలు పైకి వస్తాయి. తగ్గినంత మళ్లీ పోయండి.

5. మూత పెట్టకుండానే ఇంజను స్టార్టు చేయండి. కొన్ని నిమిషాలు నడవనివ్వండి. మొహం దూరంగా పెట్టండి. ఇంకా బుడగలు వస్తాయి. మట్టం తగ్గితే పోయండి. బుడగలు ఆగాక ఇంజను ఆపి మూత బిగించండి.

6. పక్కనున్న చిన్న డబ్బాకు రెండు గీతలుంటాయి. కూలెంటు ఆ రెండింటి మధ్య ఉండాలి. బండి ఒకసారి తిరిగొచ్చి చల్లారాక మళ్లీ చూడండి.

బోరు నీళ్లు పోయొచ్చా? వద్దు. రోజూ బోరు నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి పొర కడుతుంది కదా! రేడియేటరులోనూ అలాగే కడుతుంది. కొన్ని కూలెంట్లు నేరుగా పోయాలి. కొన్నింటిలో డిస్టిల్డు వాటరు కలపాలి. ఏది ఎలా వాడాలో సీసా మీద రాసి ఉంటుంది. చదివి పోయండి.

ముఖ్యమైన మాట. కూలెంటు తియ్యగా ఉంటుంది. కానీ విషం! పిల్లలు, పశువులు తాగితే ప్రాణానికే ముప్పు. పాతది కాలవలోనో దొడ్లోనో పారబోయకండి. డబ్బాలో పట్టి మెకానిక్‌కు ఇవ్వండి. ఖాళీ సీసా బాగుంది కదా అని నూనెకో, మంచినీళ్లకో వాడకండి.