మడిగెలు కట్టగానే బజారు అవుతుందా?

పెద్దపల్లి: ధర్మారంలో బస్సెక్కిన ఇల్లాలికి ఇప్పుడు పెద్దపల్లిలో దిగినా, కరీంనగర్ దాకా పోయినా టికెట్టు ఖరీదు ఒక్కటే. అది సున్నా. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైన నాటినుంచి పల్లెల్లో బజారు లెక్క మారిపోయింది. పప్పు, ఉప్పు మొదలుకొని పెళ్ళి చీరల దాకా ఏది ఎక్కడ కొనాలో చాలా ఇండ్లలో తేల్చేది ఆడవారే. ఛార్జీ మిగులుతుందన్న ఒక్క కారణంతో దగ్గరి పట్టణంలోనే దిగిపోవలసిన అగత్యం వారికి ఇక లేదు. నలభై కిలోమీటర్లలోపే కరీంనగర్, అక్కడ టవర్ సర్కిల్ బజారు, నాలుగంతస్తుల బట్టల దుకాణాలు ఉన్నాయి. పైన గోదావరిఖని, ఏరు దాటితే మంచిర్యాల. నడుమ పెద్దపల్లి.

కొనేవారి వైపునుంచి చూస్తే ఇది మంచి మార్పే. నాలుగు చోట్ల ధర చూసి కొనుక్కునే వెసులుబాటు కలిగింది. కాని పెద్దపల్లి దుకాణదారుకు మాత్రం గిరాకీ ఇంటి ముందునుంచే బస్సెక్కి వెళ్ళిపోతున్నది. పల్లె సొమ్ము ఈ పట్టణంలో ఖర్చయితే ఇక్కడి గుమాస్తాకు, హమాలీకి, దర్జీకి, ఆటో నడిపే యువకునికి పని దొరుకుతుంది. ఆ సొమ్ము దాటిపోతే ఆ పని కూడా దాటిపోతుంది. బజారు సంగతి ఒక్క వర్తకుల సంగతి కాదనడానికి ఇదే కారణం.

ఇదివరలో ఛార్జీతోపాటు ఈ బజారును నిలబెట్టింది ఉద్దెర. వడ్లు, పత్తి అమ్ముడుపోయే దాకా కిరాణం సేటు ఖాతా రాసుకునేవాడు. ఖాతా ఉన్న రైతు మరో దుకాణం మెట్టెక్కడానికి మొగమాటపడేవాడు. అందులో ఆదుకోవడమూ ఉంది, కట్టిపడేయడమూ ఉంది. ఇప్పుడు కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసిన రైతుకు డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ డబ్బు ఫోనులోనే ఉంటుంది కాబట్టి ఏ ఊరి దుకాణంలోనైనా చెల్లుతుంది. చివరకు కాల్వశ్రీరాంపూర్, ఓదెల వంటి మండలాల పల్లెలకు సైతం ఆన్‌లైన్‌లో కొన్న సామాను పెట్టెలు వచ్చి చేరుతున్నాయి. ఎరువులు, పురుగు మందుల దుకాణాల్లో తప్పిస్తే ఉద్దెర బలం మునుపటంత లేదు.

తోవ మారింది

పెద్దపల్లి ఈనాటి బజారు కాదు. కాజీపేట - బల్లార్షా రైలు మార్గం 1920 దశకం చివర పూర్తయినప్పటినుంచి స్టేషనును నమ్ముకుని వ్యాపారం పెరిగింది. బియ్యం మిల్లులు, పత్తి మార్కెట్టు యార్డు, తర్వాత బస్టాండు, రాజీవ్ రహదారి వచ్చాయి. స్టేషను, బస్టాండు, కమాన్, జెండా చౌరస్తాల నడుమ మనుషులు కాలినడకన తిరిగే తోవ పొడుగునా దుకాణాలు వాటంతట అవే వెలిశాయి. ఎవరూ నక్షా గీసి కట్టినవి కావు. 2016 అక్టోబరు 11న పెద్దపల్లి జిల్లా కేంద్రమైనప్పుడు ఇక బజారుకు మంచిరోజులు వచ్చినట్టేనని అందరూ అనుకున్నారు. జిల్లాలో 14 మండలాలు, 2011 లెక్కల ప్రకారం ఎనిమిది లక్షలకు కొంచెం తక్కువ జనాభా. వీరందరికీ ఏదో ఒక పని మీద జిల్లా కేంద్రానికి రాక తప్పదు.

వస్తున్నారు కూడా. అయితే వచ్చినవారు బజారుకు వస్తున్నారా అన్నది వేరే ప్రశ్న. జిల్లా కార్యాలయాలన్నింటినీ ఒకేచోట చేర్చిన కొత్త కలెక్టరేటు 2022 ఆగస్టు 29న పెద్దకల్వల వద్ద ప్రారంభమైంది. కార్యాలయాలు ఒక్కచోట ఉండటం ప్రజలకు సదుపాయమే, కాదనలేము. కాని ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చిన మంథని మనిషి, ముత్తారం మనిషి పనికాగానే రోడ్డు మీద బస్సు ఆపుకుని వెళ్ళిపోతే జెండా చౌరస్తా మొగం చూడడు. బజారు ఎప్పుడూ కార్యాలయాన్ని, స్టేషనును, అంగడిని అంటిపెట్టుకుని ఉంటుంది. అవి కదిలితే అదీ కదలాలి, లేదా రెండింటి నడుమ తోవ సుళువు చేయాలి. కలెక్టరేటుకు వచ్చేవారిని బజారు మీదుగా బస్టాండుకు చేర్చే చిన్న బస్సులు ప్రజావాణి జరిగే సోమవారం నాడు తిరిగితే, ఆ ఒక్క పనికే కొంత గిరాకీ మళ్ళుతుంది. దీనికి భవనం అక్కరలేదు.

మెట్లెక్కని గిరాకీ

మన దగ్గర మాత్రం బజారు అభివృద్ధి అనగానే ముందు గుర్తొచ్చేది భవనమే. షాపింగ్ కాంప్లెక్సు కట్టి, మడిగెలు వేలం వేయడం మున్సిపాలిటీలకు అలవాటయిన పద్ధతి. దీని వెనుక ఒక చరిత్ర ఉంది. కేంద్ర ప్రభుత్వం 1979-80లో చిన్న, మధ్యతరహా పట్టణాల సమగ్రాభివృద్ధి పథకాన్ని తెచ్చింది. మార్కెట్లు, బస్టాండ్లు, దుకాణ సముదాయాలు కట్టి, వాటి అద్దెలతో పట్టణాలు తమ కాళ్ళ మీద తాము నిలబడాలన్నది ఉద్దేశం. 2005 దాకా ఆ పథకం సాగింది. రాష్ట్రంలో అనేక పట్టణాలలో నేడు కనిపించే మున్సిపల్ మడిగెలకు ఆ ఆలోచనే మూలం. ఉద్దేశం మంచిదే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మడిగె అద్దె రాబట్టే వస్తువుగా మారింది, గిరాకీ వచ్చే చోటుగా మిగలలేదు.

వేలం పాటనే తీసుకుందాం. గుడ్‌విల్ పేరుతో ఎవరు ఎక్కువ పాడితే వారికే మడిగె. అంత సొమ్ము ఒక్కసారి పెట్టగలిగినవాడు కూరగాయలు అమ్మేవాడు కాడు, చెప్పులు కుట్టేవాడు అసలే కాడు. పాట పాడినవాడు తాను దుకాణం పెట్టక మరొకరికి ఎక్కువ అద్దెకు ఇచ్చుకోవడం చాలా పట్టణాలలో పరిపాటి. ఆ పై అద్దె భారం చివరకు సబ్బు బిళ్ళ మీద, చీర మీద పడక తప్పదు. అదే సబ్బు బిళ్ళ పక్క ఊళ్ళో అగ్గువకు దొరికితే కొనేవారు అక్కడికే పోతారు. మున్సిపాలిటీకి ఆదాయం కనిపిస్తుంది గాని బజారు పలచబడుతుంది. పాట మరీ ఎక్కువైతే, పాడినవాడే వదులుకుని పోగా షట్టరు మూతపడి ఉంటుంది.

ఈ రచయిత చూసిన ఒక కాంప్లెక్సులో కింది అంతస్తులో ఒక్క మడిగె ఖాళీ లేదు. పై అంతస్తులో ఒక్కటి నిండలేదు. మెట్ల మీద కుక్క పడుకుని ఉంది, దాన్ని లేపడం ఇష్టం లేక వెనక్కి వచ్చాను. ఆ పట్టణం పేరు ఇక్కడ అవసరం లేదు, ఇటువంటివి చాలా ఉన్నాయి. నెత్తిన మూట, చంకలో పిల్లాడు ఉన్న మనిషి సబ్బులకోసం మెట్లెక్కదు. పై అంతస్తు టైలర్లకు, కంప్యూటర్ శిక్షణకు, వకీళ్ళకు, పంటి డాక్టర్లకు పనికివస్తుంది. కట్టకముందే ఈ సంగతి ఆలోచించి గదులు ఆ కొలతలతో కట్టాలి. అన్నీ ఒకే సైజు షట్టర్లు పెట్టి, తరువాత వ్యాపారులు రావడంలేదని వాపోతే లాభమేమి?

పాతవారు ఈ విషయంలో మనకన్నా తెలివైనవారు. హైదరాబాదులో మోజంజాహి మార్కెట్టు 1935లో కట్టింది. నాలుగు తోవలు కలిసే చోట, దుకాణాలు రోడ్డు వైపు మొగం పెట్టి, నడుమ పెద్ద వాకిలి వదిలి కట్టారు. రోడ్డు మీద పోయేవానికి దుకాణం కనిపిస్తుంది, లోపలికి వచ్చినవానికి నిలబడే జాగ ఉంటుంది. పండ్ల మార్కెట్టు తరువాత కొత్తపేటకు తరలిపోయినా దుకాణాలు మిగిలే ఉన్నాయి. 2020లో మరమ్మతు చేసి మళ్ళీ తెరిచారు. దాదాపు తొంభై యేళ్ళు నడిచిన మార్కెట్టులో నేర్చుకోవలసింది గోపురం కాదు, ఆ వాకిలి.

రోడ్డు మీది బేరం

కాగా పెద్దపల్లి వంటి పట్టణాలలో సగం బేరం మడిగెల్లో జరగదు, రోడ్డు మీద జరుగుతుంది. కూరగాయల గంపలు, పండ్ల బండ్లు, గాజుల మలారాలు, వారం అంగడినాడు వచ్చే మిరపకాయల కుప్పలు. తైబజారు కట్టి, ఎండకు ఎండి, వానకు తడిసి వీరు చేసే వ్యాపారం వల్లనే పల్లె జనం పట్టణానికి వస్తారు. పక్కనున్న పెద్ద దుకాణానికి గిరాకీ వీరి పుణ్యమే. అయినా ట్రాఫిక్ పేరుతో ముందుగా లేచేది వీరి బండ్లే.

దీనికి చట్టం ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. పట్టణంలో సర్వే జరిపి, వ్యాపారులకు ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదని అందులో ఉంది. ఎక్కడ అమ్మాలో తేల్చే పట్టణ కమిటీలో 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడోవంతు మహిళలు. కొవిడ్ దెబ్బ తర్వాత 2020లో కేంద్రం వీరికోసమే పది వేల రూపాయల అప్పుతో స్వనిధి పథకం మొదలుపెట్టింది. మొదటి విడతను 2025లో 15 వేలకు పెంచారు. అప్పు దొరికింది. ఆ అప్పుతో కొన్న పండ్లు పెట్టుకునే జాగ మాత్రం రేపు ఉంటుందో లేదో తెలియదు. ఇదీ పరిస్థితి.

వీరిని దూరంగా ఒక షెడ్డు కట్టి అందులోకి పంపితే సరిపోతుందని కొందరి అభిప్రాయం. రైతుబజార్ల అనుభవం దీనికి జవాబు చెబుతుంది. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లలో దళారీ లేడు, ధరల బోర్డు ఉంది, రైతుకు గుర్తింపు కార్డు ఉంది. అయినా ఇండ్లకు, బస్సులకు దగ్గరగా ఉన్నవే కళకళలాడాయి. ఊరి చివర జాగ దొరికిందని కట్టిన చోట గంపలు మళ్ళీ చౌరస్తాకే వచ్చాయి. కొనేవారు లేని చోట కూర్చోవడానికి ఏ రైతుకూ తీరిక ఉండదు.

గోదావరిఖని చెప్పే మాట

మన జిల్లాలోనే గోదావరిఖని బజారు మరో సంగతి చెబుతుంది. దసరా ముందు సింగరేణి లాభాల వాటా, దీపావళికి బోనస్ చేతికి వస్తే లక్ష్మీనగర్ దుకాణాల్లో అడుగుపెట్టే సందు ఉండదు. బజారు వేతనాన్ని అనుసరిస్తుంది. అయితే 1990 దశకం ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుకు వచ్చారు. కాంట్రాక్టు పనివారు పెరిగినా వారి చేతికందే సొమ్ము తక్కువ. రామగుండంలో 1999లో మూతపడిన ఎరువుల ఫ్యాక్టరీ స్థానంలో కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి ప్రారంభించినా, పాత టౌన్‌షిప్ రోజుల సందడి తిరిగి రాలేదు. ఒక్క కంపెనీ జీతాన్ని నమ్ముకున్న బజారు ఆ కంపెనీతోపాటే ఎగిసి పడుతుంది. పెద్దపల్లి, సుల్తానాబాద్ బజార్లు పంటను నమ్ముకున్నవి. యాసంగి, వానాకాలం వడ్ల డబ్బు పడే వారాల్లో గిరాకీ, తరువాత సుస్తీ. కరీంనగర్ పెద్ద దుకాణాలు తమ తగ్గింపు ప్రకటనలు సరిగ్గా ఆ వారాల్లోనే వేస్తే ఆశ్చర్యం లేదు. ఇక్కడి వర్తకులు మాత్రం ఆ వారాల్లోనూ ఎవరికి వారే.

కలిసి చందా వేసుకున్న దుకాణదారులు

ఎవరికి వారుగా ఉంటే ఏమవుతుందో కెనడాలో టొరంటో నగరపు వర్తకులు అరవై యేళ్ళ కిందట చూశారు. బ్లూర్ అనే వీధికి భూగర్భ రైలు వచ్చింది. ట్రాముల్లో దుకాణాలు చూసుకుంటూ పోయే జనం నేల కిందినుంచి పోసాగారు. కొత్తగా లేచిన పెద్ద మాల్స్ మరికొంత గిరాకీని లాగాయి. మన రాజీవ్ రహదారి, ఉచిత బస్సుల కథకు ఇది దగ్గరి చుట్టమే. అక్కడివారు చందాలు పోగుచేయ ప్రయత్నించారు. కొందరే ఇచ్చారు, ఇవ్వనివారు కూడా లాభం పొందారు. అప్పుడు తమ మీద తామే పన్ను వేయమని నగర పాలకులను అడిగారు. 1970 నుంచి ఆ వీధిలో ప్రతి దుకాణం మున్సిపల్ పన్నుతోపాటు కొంత సొమ్ము కట్టాలి, ఆ సొమ్ము ఆ వీధిలోనే ఖర్చు కావాలి. దీపాలు పెట్టారు, బల్లలు వేశారు, చెట్లు నాటారు, పండుగలు జరిపారు. బజారు నిలబడింది. ఆ పద్ధతి తరువాత ఎన్నో దేశాలకు పాకింది.

పెద్దపల్లిలో ఇంత చట్టం చేయనక్కరలేదు. పల్లెనుంచి వచ్చిన ఆడమనిషికి బజారులో మొదట కావలసింది శుభ్రమైన మరుగుదొడ్డి. అది లేకనే చాలామంది పొద్దున నీళ్ళు తాగక బయలుదేరి, రెండు దుకాణాలు చూసి మూడో దుకాణానికి పోకుండా బస్సెక్కుతారు. పెద్ద మాల్‌లో ఏం బాగుందని అడిగితే చీరలకన్నా ముందు ఈ సదుపాయం సంగతే చెప్పేవారున్నారు. తరువాత తాగే నీళ్ళు, కూర్చోవడానికి నీడ, కొన్న సామాను బస్సు వేళ దాకా పెట్టుకునే గది.

లెక్క వేసి చూద్దాం. ఒక వీధిలో వంద దుకాణాలు రోజుకు పది రూపాయల చొప్పున వేసుకుంటే నెలకు ముప్పై వేలు. ఒక మరుగుదొడ్డిని శుభ్రంగా ఉంచే మనిషికి కూలీ, సామాను గదికి ఒక కాపలాదారుకు కొంత, నీళ్ళకు కొంత సరిపోతుంది. కట్టడం మున్సిపాలిటీ వంతు, నడపడం దుకాణదారుల వంతు. రోజుకు పది రూపాయలంటే దుకాణంలో ఒక చాయ్ ఖర్చు. సామాను గది మహిళా సంఘాలకు అప్పగిస్తే వారికీ కొంత ఆదాయం. బతుకమ్మ చీరల గిరాకీ మొదలయ్యేలోగా జెండా చౌరస్తా వద్ద ఒక్క వీధిలో మొదలుపెట్టి, దీపావళి దాకా నడిపి, వచ్చిన గిరాకీ లెక్క వర్తకులే రాసుకోవచ్చు.